వాడి పేరు మీద స్టేడియం

సగం కట్టి ఆగిపోయిన ఫుట్‌బాల్ స్టేడియం. ఆదివారం పొద్దున్న. పడమటి గ్యాలరీ మెట్లు ఎక్కుతూ అక్కా, క్లబ్బుకి కోశాధికారి అయిన తమ్ముడూ.

“ఇంకెన్ని మెట్లున్నాయిరా బాబూ? నా మోకాళ్లు మాట వినడం లేదు.”

“ఇంకో ఆరు వరసలే అక్కా. పైకెక్కితే మొత్తం కనపడుతుంది.”

“కనపడ్డానికి ఏముందని? కింద నుంచి చూస్తే గుంత. పైనుంచి చూస్తే పెద్ద గుంత.”

“అలా అనకు. సరే, ఇక్కడే కూర్చుందాం. ఆగాగు, ఈ సిమెంటు సంచి వేసుకో, బట్టలు మాసిపోతాయి.”

“సంచి ఖాళీదేనా?”

“ఖాళీదే. నిండు సంచులుంటే ఇక్కడ మనమెందుకు కూర్చుంటాం, మేస్త్రీలుండేవాళ్లు.”

“ఆదివారం కూడానా?”

“పని జోరుగా ఉన్నప్పుడు ఆదివారం కూడా చేశారు. నువ్వూ చూశావుగా.”

“చూశాను. ఐదు నెలల కిందటి మాట అది.”

“నాలుగున్నర.”

“సరే కోశాధికారి గారూ, నాలుగున్నర.”

“అమ్మా! అమ్మగారూ! టోపీలు పెట్టుకోండమ్మా! గేటు దగ్గర పెట్టాను కదా, రూలు!”

“నెత్తిన పడ్డానికి పైన ఏముందయ్యా వాచ్‌మనూ? కప్పే లేదు!”

“కప్పు లేకపోయినా రూలు రూలేనమ్మా. బోర్డు మీద రాసుంది. నాకు జీతం రాకపోయినా నేను డ్యూటీ మానలేదు.”

“వీడికి కూడా ఇవ్వలేదురా?”

“రెండు నెలలది ఆగింది.”

“మూడు సార్, మూడు! నాకు వినపడుతోంది. ఖాళీ స్టేడియం కదా, అక్కడ గొణిగినా ఇక్కడికొస్తుంది.”

“వచ్చే వారం సర్దుతానయ్యా.”

“పోయిన వారం కూడా వచ్చే వారమే అన్నారు సార్.”

“ఆ గోలు దగ్గర పచ్చగా ఏమిటయ్యా, గడ్డి వేశారా?”

“గడ్డెక్కడిదమ్మా, టమాటాలు. నేల ఊరికే పడుందని నాలుగు మొక్కలు పెట్టాను. ఆట మొదలయ్యేలోపు కోసేస్తాను, కంగారు పడకండి. వెళ్లేటప్పుడు పట్టుకెళ్దురుగాని.”

“చూశావట్రా. ఇన్ని కోట్లు పోసి టమాటాలు పండించాం.”

“నవ్వకక్కా.”

“నవ్వకపోతే ఏం చెయ్యమంటావు? చెప్పు, ఎందుకు రమ్మన్నావు?”

“ఏముంది, ఊరికే. నువ్వొచ్చి చాలా రోజులైంది కదా, పని ఎంతవరకు వచ్చిందో చూస్తావని...”

“పని ఎంతవరకు వచ్చిందో నాకు కుట్టుమిషను దగ్గర కూర్చుంటే తెలుస్తూనే ఉంది. నా కొట్టు కిటికీలోంచి ఆ క్రేను మెడ కనపడుతుంది. ఎప్పుడు చూసినా ఒకే వైపు. అది కాస్త పక్కకి తిరిగితే చాలు, కత్తెర అక్కడ పడేసి పరిగెత్తుకొద్దామని చూస్తున్నాను.”

“తిరగదు. అద్దె కట్టలేదని డ్రైవరుని తీసుకెళ్లిపోయారు.”

“మరి క్రేనుని వదిలేశారే?”

“విప్పి పట్టుకెళ్లాలన్నా దానికీ ఖర్చే. ఉన్నన్నాళ్లూ రోజుకింత అని అద్దె పడుతూనే ఉంటుంది. తిరిగినా, తిరక్కపోయినా.”

“అంటే ఇప్పుడు మనం కబుర్లు చెప్పుకుంటున్నా పడుతున్నట్టే.”

“పడుతున్నట్టే.”

“అయితే తొందరగా చెప్పు. అసలు ఇంకా ఎంత కావాలి? నాకర్థమయ్యేలా చెప్పు. తిప్పి తిప్పి చెప్పకు.”

“మొదట్లో పదకొండు కోట్లన్నాం...”

“అది తెలుసు. ఆ పోస్టర్లు ఊరంతా అంటించింది నేనే.”

“నేల గట్టిదనుకుని పదకొండన్నాం. తవ్వితే పాత ఇటుక బట్టీల గుంతలు బయటపడ్డాయి. తూర్పు వైపంతా బూడిద, పెంకులు. పునాది నిలవదన్నాడు ఇంజనీరు. పదిహేను మీటర్ల లోతుకి దించాల్సొచ్చింది. రెండు కోట్లు అలా భూమిలోకి పోయాయి. పైకి ఏమీ కనపడదు. చూసేవాళ్లు, డబ్బంతా ఏం చేశారని అడుగుతారు.”

“తర్వాత?”

“తర్వాత ఇనుము రేటు. ఆ పైకి పొడుచుకొచ్చిన ఊచలు చూడు, తుప్పు పట్టాయి. మళ్లీ పని మొదలుపెట్టాలంటే ముందు వాటిని గీకించాలి, దానికో లెక్క. తర్వాత కప్పు. దూలాలు తయారైపోయాయి, షెడ్డులో పడున్నాయి. బాకీ తీరిస్తే గానీ లారీ ఎక్కించనంటున్నాడు. లైట్లొచ్చాయి, పెట్టెల్లోనే ఉన్నాయి. స్తంభాలు లేవు.”

“స్తంభాలెందుకు లేవు?”

“వాటి డబ్బు క్రేనుకి కట్టాం.”

“మరి క్రేను డబ్బు?”

“పునాదికి పోయింది.”

“దీని డబ్బు దానికి, దాని డబ్బు దీనికి. నీకు అలవాటేగా.”

“అంటే?”

“అంటే ఏముంది, కోశాధికారివి కదా అంటున్నాను. ఉలిక్కిపడతావేం? మొత్తం ఎంత?”

“ఇంకా మూడు కోట్ల నలభై లక్షలు.”

“అమ్మో! నా చందా డబ్బా పట్టుకుని తిరిగితే ఎన్నేళ్లు పడుతుందిరా?”

“ఎనిమిదేళ్లలో నువ్వు ఇరవై ఆరు లక్షలు తెచ్చావు.”

“అయితే ఓ నూరేళ్లు.”

“నూట నాలుగు.”

“అప్పుడే లెక్క కట్టేశావా!”

“మొన్న నిద్రపట్టక కట్టాను.”

“నీకు చిన్నప్పటి నుంచీ అంతే. ఏదైనా తప్పు చేస్తే అన్నం మానేసి ఎక్కాలు చదువుకునేవాడివి. అమ్మ పోయాక నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని, నాకు తెలీదా? నువ్వు పదమూడో ఎక్కం అందుకున్నావంటే ఇంట్లో ఏదో పగిలిందన్నమాటే.”

“ఇప్పుడు ఎక్కాలెందుకులే.”

“ఇప్పుడేం పగిలిందో చెప్పమంటున్నా.”

“బ్యాంకు వాయిదాలు మూడు తప్పాం. నెలాఖరులోపు పని మళ్లీ మొదలవ్వాలి. లేకపోతే వేలం. నోటీసు వచ్చింది.”

“ఏది వేలం? ఇదా? పిల్లలు ఆడుకునే స్థలమా?”

“ఇదే. పాత మైదానం అమ్మిన డబ్బు కూడా ఇందులోనే పెట్టాం కదా. ఇది పోతే ఇంక క్లబ్బు లేదు, ఏమీ లేదు. సాయంత్రం ప్రాక్టీసుకొచ్చే రెండు వందల మంది పిల్లలూ రోడ్డున పడతారు.”

“హయ్యో. ఎవరైనా కొనుక్కుంటే ఏం చేస్తారట?”

“గోడౌన్లు కడతారు. బేరం కూడా ఆడుతున్నారట అప్పుడే.”

“ఇంకేమన్నా ఉందా చెప్పాల్సింది?”

“ఉంది. ఒక దారి దొరికింది.”

“దారి దొరికినవాడి మొహం అలా ఉంటుందట్రా?”

“పంపుసెట్ల కంపెనీ వాళ్లు ముందుకొచ్చారు. పెద్ద కంపెనీ. కావాల్సిందంతా ఇస్తామన్నారు. మూడు కోట్ల నలభై కాదు, ఏకంగా నాలుగు. ఒకే చెక్కు. సంతకాలైన మర్నాడే క్రేను తిరుగుతుంది.”

“చల్లటి మాట చెప్పావు! ఇంకేం మరి?”

“వాళ్లదొక షరతుంది.”

“ఏమిటి, జన్మంతా వాళ్ల పంపులే వాడాలా? వాడదాం. టమాటాలకి నీళ్లు కావాలిగా.”

“అక్కా...”

“నమలకుండా చెప్పు.”

“పేరు.”

“ఏం పేరు?”

“స్టేడియం పేరు. వాళ్ల కంపెనీ పేరు పెట్టాలట.”

“వాడి పేరు పక్కనా?”

“పక్కన కాదు.”

“పోనీ, కిందా?”

“కింద కూడా కాదక్కా. చాలా బతిమాలాను. రెండు గంటలు కూర్చున్నాను వాళ్ల ఆఫీసులో. చనిపోయిన మనిషి పేరు, అందులోనూ గోడ కూలి చనిపోయిన వాడి పేరు, తమ వ్యాపారానికి మంచిది కాదన్నారు. వాళ్ల పేరొక్కటే ఉండాలట.”

“గేటు మీదికి అక్షరాలు కోయించాను కదరా. ఇంత పొడుగున్నవి, ఇనుప రేకువి. వెల్డరు డబ్బు కూడా పుచ్చుకోలేదు. ‘మనవాడి కోసం ఆ మాత్రం చెయ్యకూడదా’ అన్నాడు. ఇంటి వెనక ఆనించి పెట్టాను.”

“తెలుసు.”

“ఏం తెలుసు నీకు? మీ బావ ఈ స్టేడియం వైపు రోడ్డు కూడా తొక్కడు. కానీ పొద్దున్న లేవగానే గుడ్డ తీసుకుని ఆ నాలుగు అక్షరాలూ తుడుస్తాడు. తుడిచాకే టీ తాగుతాడు. ఆయనకి ఏమని చెప్పను? పంపుసెట్లు వస్తున్నాయి, నీ కొడుకుని పక్కకి జరపమని చెప్పనా?”

“ఉత్తరం వైపు చిన్న గేటుంది. దానికి వాడి పేరు పెట్టుకోమన్నారు. లోపలి వైపు. ఇంకా డ్రెస్సింగ్ రూముకి...”

“బట్టలు మార్చుకునే గదికట్రా నా కొడుకు పేరు?”

“ఏడాదికోసారి టోర్నమెంటు పెడదాం వాడి పేరు మీద. కప్పు నేనే చేయిస్తాను.”

“నువ్వా? దేంతో? సరే. ఇది నాకు చెప్పడానికి ఇన్ని మెట్లెక్కించాలా? పేరు మార్చుకునేది మీరు, నాతో పనేముంది?”

“నీ సంతకం కావాలి. తల్లి రాసిస్తే తప్ప పేరు మార్చకూడదని తీర్మానంలో ఉంది.”

“ఆ లైను ఎవరు రాయించారు?”

“నేనే. పట్టుబట్టి రాయించాను.”

“ఎందుకు రాయించావు?”

“నీకన్యాయం జరగకూడదని.”

“ఇంకా?”

“ఇంకా ఏముంటుంది?”

“ఏమో. అడుగుతున్నాను. పెట్టకపోతే ఏమవుతుంది?”

“చెప్పానుగా, వేలం.”

“స్థలమేనా?”

“స్థలమే.”

“ఒరేయ్.”

“స్థలమేనక్కా, ఇంకేముంది వేలం వెయ్యడానికి.”

“మొన్న నీ పెళ్లాం నా కొట్టుకి వచ్చింది. ఏదో బట్ట కుట్టించుకుంటానని. నేను కొలతలు తీస్తుంటే టేపు మీద టపటపా కన్నీళ్లు. అప్పుకి నీ ఇల్లు హామీ పెట్టావట.”

“చెప్పేసిందా! చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను.”

“వేయించుకుంటావు, నీదేం పోయింది. ఆ పిల్లకి తిండి సయించడం లేదు. క్లబ్బు కమిటీలో పదకొండు మంది ఉన్నారు. ఒక్కడు పెట్టాడా ఇల్లు? నువ్వే ఎందుకు పెట్టావు?”

“ఎవరో ఒకరు పెట్టాలి కదా.”

“అదే, నువ్వే ఎందుకని.”

“వాడు నా మేనల్లుడు కాదా?”

“అంతేనా?”

“అంతే.”

“హ్మ్.”

“ఏమిటి?”

“ఏం లేదు. చందాలకి బయల్దేరిన మొదటి ఆదివారం గుర్తుందా నీకు? హెయిర్ కటింగ్ షాపాయన కుర్చీలో మనిషిని అలా సగం గడ్డంతో వదిలేసి వచ్చి, గల్లాలో ఉన్నదంతా నా డబ్బాలో బోర్లించాడు. ‘మీవాడికి ఏనాడూ జుట్టు సరిగ్గా కత్తిరించనివ్వలేదమ్మా, కదులుతూనే ఉండేవాడు’ అన్నాడు.”

“గుర్తుంది.”

“వాడు ఎక్కడ మాత్రం కుదురుగా కూర్చున్నాడు! పొడుగోడు, పొడుగోడు అని పిలిచేవాళ్లు కదా, గుమ్మం తగలని రోజు లేదు వాడి తలకి. జెర్సీ మీద తెల్లటి నంబరు కుడితే చాలు, ‘అమ్మా, ఐదు కొంచెం వంకరగా ఉంది’ అని నస. విప్పి మళ్లీ కుట్టేదాన్ని. ఏ ఇంటికెళ్లినా వాడి గురించి ఏదో ఒకటి చెప్పేవాళ్లు. అది వినడానికే సగం ఇళ్లు తిరిగాను.”

“అక్కా, ఇప్పుడవన్నీ ఎందుకు?”

“నేను ఏమని అడిగేదాన్ని గుమ్మంలో నిలబడి? చెప్పు, నీకూ కంఠతా వచ్చుండాలి.”

“వద్దక్కా.”

“‘అమ్మా, పాత మైదానం గోడ బాగుచేయించడానికి క్లబ్బు దగ్గర డబ్బుల్లేవు. వానకి ఆ గోడ కూలి నా కొడుకు పోయాడు. పందొమ్మిదేళ్లు వాడికి. ఇంకో తల్లికి ఈ గతి పట్టకూడదు, గట్టి స్టేడియం కట్టుకుందాం, తోచింది వెయ్యండి.’ అంతే కదా? ఒక్క అక్షరం పోకుండా ఎనిమిదేళ్లు.”

“ఊఁ.”

“నువ్వు నా వెనకాల రసీదు పుస్తకం పట్టుకుని నిలబడేవాడివి. తల పైకెత్తేవాడివి కాదు. పాపం మేనమామకి ఎంత బాధో అనేవాళ్లు జనం.”

“బాధే కదక్కా.”

“కాదన్నానా?”

“అమ్మగారూ, ఎండెక్కుతోంది! గొడుగు తెచ్చివ్వనా?”

“గొడుగొద్దు గానీ, టీ తెచ్చిపెట్టవయ్యా. కిందికి రాలేను, ఇదిగో డబ్బులు, విసురుతున్నాను పట్టుకో. నువ్వూ తాగు.”

“మూల మీద కొట్టు దాకా పోవాలమ్మా. గేటు దగ్గర ఎవరుంటారు?”

“నేను చూస్తూనే ఉంటాలే. ఎత్తుకుపోవడానికి ఏముంది, నీ టమాటాలే కదా!”

“అదేనమ్మా నా భయం! సరే, పది నిమిషాల్లో వస్తా.”

“వెళ్లాడు. ఏదీ, ఇటివ్వు.”

“ఏది?”

“ఆ కాగితంరా. చొక్కా జేబులో చెమటకి నానిపోతోంది, ఇందాకట్నుంచీ చూస్తున్నాను. పెన్నుందా?”

“పెడతావా?”

“పెట్టక? నీ ఇంటి సామాను వీధిలో పెడుతుంటే పక్కన నిలబడి చూడమంటావా? నీ పిల్లల్ని పట్టుకుని ఎక్కడికి పోతావు? వాడెలాగూ రాడు. గేటు మీద పేరుంటే వచ్చేపోయేవాళ్లు చదువుతారు, రోజుకి నలుగురి నోట్లోనైనా నలుగుతాడు, అదో ఆశ నాకు. ఏడుపొస్తోంది, రాదా మరి. అయినా సరే. మీ బావకి నేను చెప్పుకుంటాలే.”

“నువ్వు మామూలు మనిషివి కాదక్కా.”

“ఏడవకు. కాగితం తడిస్తే మళ్లీ రాయించాలి. ఎక్కడ పెట్టాలి?”

“ఇక్కడ. ఈ గీత మీద.”

“కళ్లజోడు తేలేదు. ఇదేనా గీత?”

“అదే.”

“పెట్టేముందు మళ్లీ అడుగుతున్నాను. నాకు ఇంకేమన్నా చెప్పాలా నువ్వు?”

“లేదు.”

“సరే అయితే. ఇదేమిట్రా ఈ పెన్ను, గీయడం లేదు.”

“ఆగు.”

“విదిలిస్తే గీస్తుందిలే, ఉండు.”

“ఆగక్కా. పెట్టకు. నా ఇంటి కోసం నువ్వు పెట్టకు. నువ్వలా అంటుంటే నేను... ఆ పెన్ను ఇచ్చెయ్యి ముందు.”

“చెయ్యి వదులు, నొప్పి. ఏమైందిరా?”

“గోడకి అప్పుడు డబ్బుందక్కా. డబ్బుల్లేక కాదు. నాలుగు లక్షలున్నాయి, విడిగా ఖాతాలో. సభ్యుల దగ్గర వసూలు చేసిందే. మేస్త్రీకి మాట కూడా ఇచ్చాం, సోమవారం నుంచి పని అని.”

“చెప్పు.”

“అదే వారం క్రీడల శాఖ నుంచి ఉత్తరమొచ్చింది. కొత్త స్టేడియానికని మనం యాభై లక్షలు బ్యాంకులో చూపిస్తే వాళ్లో యాభై వేస్తారు. ముప్పై ఒకటో తారీఖు గడువు. మా దగ్గర నలభై ఆరే ఉన్నాయి.”

“నాలుగు తక్కువ.”

“సరిగ్గా నాలుగు. ప్రెసిడెంటు గారన్నారు, గోడ డబ్బు నాలుగు రోజులు అందులో వేద్దాం, చూపించేసి వెనక్కి తీసుకుందామని. ఆయన పోయారని ఆయన మీద తోసెయ్యడం లేదు. ఫారం రాసింది నేను. సంతకం నాది. నాకూ అది తెలివైన పనిలాగే అనిపించింది. రేపో మాపో పడగొట్టే గోడకి ఇప్పుడే సిమెంటు పూయకపోతే కొంప మునుగుతుందా అనుకున్నాను. అవే మాటలక్కా, అవే అనుకున్నాను.”

“మరి వెనక్కి తీసుకోలేదా?”

“తీసుకోనివ్వలేదు. వాళ్ల యాభై పడగానే ఖాతా బిగించేశారు. స్టేడియం పనికి తప్ప దేనికీ తియ్యకూడదట. ఉత్తరం వెనక వైపు ఉందా రూలు. నేను వెనక తిప్పి చూడలేదు. అంతమంది సంతోషపడుతుంటే ఎవరు తిప్పుతారు? అనుమతివ్వండి బాబూ అని రాశాను. రెండుసార్లు వెళ్లి కూర్చున్నాను. పంపిస్తాం పొమ్మన్నారు.”

“ఊఁ.”

“అది వచ్చేలోపు నా జేబులోంచి పెట్టుండొచ్చు. అప్పు తెచ్చుండొచ్చు. పోనీ అటు ఎవరూ పోకుండా ఒక తాడు కట్టుండొచ్చు. తాడు కట్టడానికి డబ్బెందుకక్కా? కట్టలేదు. కడితే గోడ బాగోలేదని జనానికి తెలుస్తుంది, మరి వసూలు చేసిన డబ్బేదని అడుగుతారు. అందుకని కట్టలేదు.”

“ఆ ఆదివారం వానొచ్చింది.”

“వచ్చింది. ఆట ఆపేశారు. పిల్లలంతా గోడ చాటుకి పరిగెత్తారు. ఉరుమొస్తే మళ్లీ అందరూ లేచి ఇటు పరిగెత్తారు. వాడు బూటు లేసు ముడిపడిందని కూర్చుండిపోయాడు. నేను ఎదర గొడుగు కింద టిక్కెట్ల లెక్క రాసుకుంటున్నాను. ‘మామయ్యా, చాకుందా’ అని అరిచాడు. ఉందన్నాను. లెక్క అయిపోయాక ఇద్దామని...”

“చాలు.”

“చప్పుడు విని తలెత్తాను.”

“చాల్లేరా. చాలు.”

“వాడు పోయిన తొమ్మిదో రోజున అనుమతి కాగితమొచ్చింది. నాలుగు లక్షలూ తీసుకోవచ్చని. ఎంక్వయిరీ వాళ్లు కారణం వాన అని రాసుకుపోయారు. నేను నోరెత్తలేదు. నువ్వు డబ్బా పట్టుకుని బయల్దేరితే నీ వెనకాలే వచ్చాను. నువ్వు ‘డబ్బుల్లేక’ అన్నప్పుడల్లా చెప్పేద్దామనుకునేవాణ్ణి. తర్వాతి ఇంట్లో చెబుదాం, తర్వాతి వీధిలో చెబుదాం అని... నా పెళ్లానికి కూడా తెలీదు. నీకు తప్ప ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.”

“ఊపిరి తీసుకో. ఇలా ఆనుకో.”

“నన్ను తిట్టు. కొట్టు. కొట్టక్కా, చిన్నప్పుడు కొట్టేదానివిగా. ఆ కాగితం చింపెయ్యి. ఇల్లు పోతే పోనీ, నాకదే కావాలి. కిందికి వెళ్లి ఊరందరికీ చెప్పు.”

“పెన్నివ్వు.”

“నేను చెప్పింది వినపడలేదా నీకు?”

“వినపడింది. నీ నోటితో వినాలని ఉండేది, విన్నాను. ఆ తాడు సంగతీ, చాకు సంగతీ మాత్రం తెలీదు నాకు. మిగతాదంతా చదివిందే.”

“ఏమిటి? ఎక్కడ చదివావు?”

“ఆ అనుమతి కాగితంరా. వసూళ్లు మొదలెట్టిన రెండో ఏడు, రసీదు పుస్తకాలు అయిపోయాయని క్లబ్బు బీరువా వెతికితే అడుగున దొరికింది. వెనకాల నీ అర్జీ గుచ్చుంది, నీ చేతిరాత. ‘గోడ మరమ్మతు కొరకు ఉంచిన నాలుగు లక్షలు’ అని. తారీఖు చూశాను. మళ్లీ చూశాను. అక్కడే నేల మీద చతికిలపడ్డాను. నువ్వు బయట నుంచి ‘దొరికాయా అక్కా’ అని పిలిచావు. దొరికాయన్నాను. మడిచి అక్కడే పెట్టేసి వచ్చాను.”

“రెండో ఏడా? ఆ తర్వాత ఆరేళ్లు తిరిగావు! అన్నీ తెలిసి... తెలిసి కూడా గుమ్మం గుమ్మంలోనూ ‘డబ్బుల్లేక’ అనే చెప్పావు! ఎందుకక్కా? ఆ రోజే డబ్బా నా మొహాన కొట్టి మానెయ్యాల్సింది కదా?”

“మానేస్తే ఎందుకు మానేశావని ఊరంతా అడిగేది. అడిగితే నీ పేరు చెప్పాల్సొచ్చేది. అందుకనే వాడి పేరు చెప్పుకుంటూ తిరిగాను.”